బతికున్నంతకాలం గ్యారంటీ

మొదటి చుక్క ఒక ఆదివారం మధ్యాహ్నం మూడుంబావుకి పడింది. నాన్న ముందుగదిలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. చుక్క పేపరు మీద పడి అచ్చు మీద పావలా అంత మరక చేసింది. ఆయన పైకి చూశారు, తరవాత గోడగడియారం వైపు చూశారు. కాలువల ఆఫీసులో గుమాస్తా కాబట్టి ఏది జరిగినా వేళ చూసుకోవడం ఆయనకు అలవాటు.

"కారుతోంది," అన్నారు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి తడిసిన చోటు కింద నిలబడింది. రెండో చుక్క ఆవిడ పాదం పక్కన పడింది. కొత్త ఇల్లు, అందులో మాకు రెండో వానాకాలం. మరొకరైతే దిగులుపడేవారు. అమ్మ ముఖంలో దిగులు లేదు. ఎక్కడో దాచుకున్న వస్తువు పనికొచ్చే రోజు వచ్చినట్టు చూసింది.

"మేస్త్రీకి కబురు పంపండి," అంది. "గ్యారంటీ ఇచ్చాడుగా, రమ్మనండి."

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ పేరు మీద జరిగిన ప్రార్థనకూటంలో మాట్లాడినవాళ్ళందరూ ఆవిడ మాట మీద నిలబడే మనిషి అన్నారు. అది నిజం. ఇచ్చిన మాట మీద ఇతరులను నిలబెట్టడం కూడా ఆవిడకు తెలుసు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

డెబ్బైల మొదట్లో మేం బెజవాడ చివర, పటమట దాటాక స్థలం కొన్నాం. గాలి అటు తిరిగితే ఆటోనగర్ షెడ్ల నుంచి ఇనుము కొట్టే చప్పుడు వినిపించేది. నేల నల్లరేగడి. ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చేది, వానకి ఉబ్బేది. అలాంటి నేల మీద కట్టిన ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది కట్టేవాడిని బట్టి ఉంటుందని అందరూ అనేవారు. అందుకని అమ్మా నాన్నా ముందు మనిషిని ఎంచుకునే పనిలో పడ్డారు.

ఇద్దరు కనిపించారు. ఒకరు టవున్లో ఆఫీసు ఉన్న కంట్రాక్టరు. ఐదేళ్ళ గ్యారంటీ అని టైపు చేసిన కాగితం ఇచ్చాడు. నాన్న దాన్ని రాత్రి భోజనాల తరవాత పైకి చదివారు. పునాది కింద నేల కుంగితే బాధ్యత లేదు. యజమాని కోరిక మీద పనిలో మార్పు చేస్తే బాధ్యత లేదు. కప్పు మీద బరువులు పెడితే బాధ్యత లేదు. అసాధారణమైన వర్షాలకు బాధ్యత లేదు.

"అంటే వాన పడనంతకాలం కారదు," అంది అమ్మ. "అంతేనా?"

"అట్లాగే ఉంది."

"దానికి ఐదేళ్ళతో పొదుపెందుకండీ. వందేళ్ళు ఇమ్మనండి."

మేమందరం నవ్వాం. ఇన్నేళ్ళ తరవాత ఆలోచిస్తే ఆ కాగితం మర్యాదైన కాగితం. తాను ఏం చెయ్యదో ముందే చెప్పింది. మాకు అది మోసంలా కనిపించింది.

రెండోవాడు మా సంఘంలోని మేస్త్రీ. మా చర్చి ముందు వసారా అతను కట్టిందే. ప్రతి ఆదివారం లోపలికి వెళ్ళే ముందు దాని స్తంభాన్ని అరచేత్తో ఒకసారి తట్టేవాడు. నలభై అయిదేళ్ళు ఉంటాయి. పొడుగరి, గొంతు పెద్దది. పనిమంతుడే. ఆ సంగతి ఎదుటివాళ్ళు చెప్పేదాకా ఆగలేకపోవడం ఒక్కటే అతని లోపం.

మా సంఘంలో అప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా ఇల్లు మొదలుపెడితే, పునాది ప్రార్థన అయ్యాక, మొదటి రాయి వెయ్యకముందు, మేస్త్రీ పాస్టరుగారి పక్కన నిలబడి ఆ ఇంటికి ఎన్ని వానాకాలాలు తనది పూచీయో అందరి ముందు చెప్పాలి. పాస్టరుగారు ఆమెన్ అంటారు, అందరూ అంటారు. కాగితం ఉండదు. గడువు తీరేదాకా, లేదా ఇంటివాళ్ళు అదే సంఘం ముందు "వదిలేశాం" అనేదాకా, ఆ మాట అతని మెడ మీద ఉంటుంది. మామూలుగా అందరూ మూడు వానాకాలాలు అనేవారు.

మా ప్రార్థనకి మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పాస్టరుగారి పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మూడు వాన..."

"టవున్లో కంట్రాక్టరు ఐదేళ్ళకి కాగితం రాసిస్తానన్నాడు మేస్త్రీ," అంది అమ్మ, అందరికీ వినిపించేలా. "నీది మూడేనా?"

వెనక ఎవరో నవ్వారు. "ఏం మేస్త్రీ, బేరం పోయేట్టుందే!" అన్నారు ఇంకెవరో.

"కాగితాలాయన ఊసెందుకండీ టీచరుగారూ," అన్నాడు మేస్త్రీ. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేను బతికున్నంతకాలం మీ ఇంట్లో చుక్క పడనివ్వను. సరేనా అండీ?"

పాస్టరుగారు వెంటనే ఆమెన్ అనలేదు. "కాస్త ఆలోచించుకుని చెప్పవయ్యా," అన్నారు.

"చెప్పేశానండి అయ్యగారూ."

ఆమెన్ అన్నవాళ్ళలో అమ్మ గొంతే గట్టిగా వినిపించింది. ఇంటికి వస్తూ రిక్షాలో నాన్నతో అంది: "గట్టి మనిషి. బీడీ అలవాటు కూడా లేదు. వాళ్ళ నాన్న ఎనభై ఏళ్ళు బతికాడట." కంట్రాక్టరు కాగితం ఆ సాయంత్రం పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చింది.

ఇల్లు బాగానే లేచింది. గోడలు ఈ రోజుకీ ఎక్కడా పగలలేదు. స్లాబు పోసి, దాని మీద సున్నంగచ్చు వేసే రోజు వచ్చింది. వాన నీళ్ళు గొట్టం వైపు పోవాలంటే గచ్చుకి కాస్త వాలు ఇవ్వాలి. మేస్త్రీ దారం కట్టి గుర్తులు పెట్టుకున్నాడు. అమ్మ స్కూలు నుంచి తిన్నగా మెట్లెక్కి వచ్చింది.

"ఇదేంటి, ఒక పక్కకి పోతోంది?"

"వాలండీ. నీళ్ళు నిలవకుండా."

"మరి నా మిరపకాయలు ఎక్కడ ఆరబెట్టను?"

మైలవరం దగ్గర మా అమ్మమ్మగారి పొలం నుంచి ఏటా మిరపకాయల బస్తాలు వచ్చేవి. డాబా ఉన్న ఇల్లు కావాలని అమ్మ పట్టుబట్టడానికి సగం కారణం అదే.

"ఈపాటి వాలుకి మిరపకాయలు దొర్లిపోవండీ," అన్నాడు మేస్త్రీ.

"నా డాబా నాకు బల్లపరుపుగా ఉండాలి. చదును చెయ్యి."

నాన్న మెట్ల మీదే ఆగి ఉన్నారు. "అట్లా అయితే మేస్త్రీ, కప్పు మటుకు నీ మాటలోంచి తీసేద్దాం," అన్నారు. "ఆదివారం సంఘంలో నేనే చెబుతాను."

అతను తప్పించుకోగలిగిన చోటు అదొక్కటే. నాన్న అడిగినప్పుడు అవునంటే సరిపోయేది. కానీ కూలీలు వింటున్నారు. మేస్త్రీ తాపీని గుడ్డతో తుడిచి నవ్వాడు.

"వాలుంటే ఎవడైనా కారకుండా కడతాడండీ గుమాస్తాగారూ. చదునుగా కట్టి కారకుండా చూడటమే కదండీ పనితనం."

కంట్రాక్టరు కాగితంలో యజమాని కోరిన మార్పుల గురించిన షరతు ఇలాంటి రోజు కోసమే రాసి పెట్టుకున్నది. నోటితో ఇచ్చే మాటలో షరతు పెట్టడానికి పరువు అడ్డం వస్తుంది. గచ్చు చదునుగా వేశాడు.

మొదటి చుక్క పడిన ఆ ఆదివారం కబురు అందగానే అతను సైకిలు మీద వచ్చాడు. డాబా మీద చీలమండ లోతున నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాన వెలిశాక నెర్రెలన్నీ వెతికి, సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి పూడ్చాడు. మరుసటి వానాకాలం ఇంకో మూల దిగింది. అదీ పూడ్చాడు. అప్పటి నుంచి తొలకరి పడే ముందు మా ఇంటికి రావడం అతని పనుల్లో ఒకటైంది. ఆ రోజుల్లో వేరే ఇళ్ళ పనులు ఒప్పుకోవడం మానేశాడు. అమ్మ అతనికి పైసా ఇచ్చేది కాదు. అతనూ అడిగేవాడు కాదు.

గేటు చప్పుడైతే అమ్మ వంటింట్లోంచే కేకేసేది.

"మేస్త్రీ, బతికే ఉన్నావా?"

"ఉన్నానండీ టీచరుగారూ."

"ఉంటే ఎక్కు మరి."

మొదట్లో అతనూ నవ్వేవాడు. ఆ మాట చర్చికి పాకింది. ఆరాధన అయ్యాక వసారాలో చెప్పులు తొడుక్కుంటూ మనుషులు అడిగేవారు: "ఏం మేస్త్రీ, టీచరుగారి కప్పు కారుతోందా, బతికే ఉన్నావా?" కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు కూడా అదే అడిగి, నవ్వి, పని వేరేవాళ్ళకి ఇచ్చేవారు. అతను స్తంభాన్ని తట్టడం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు.

ఒకసారి నాన్న అన్నారు, "వదిలెయ్యరాదూ? వాలు వద్దన్నది మనమే కదా."

అమ్మ అప్పుడు చీర మడతపెడుతోంది. చేతులు ఆపకుండా చెప్పింది. "మన తాతలకి కాగితం రాసిచ్చినవాడు ఎవడండీ? అన్నీ నోటిమాటలే. పొలం ఇస్తామన్నారు, కూలి పెంచుతామన్నారు, బడి కట్టిస్తామన్నారు. ఏ ఒక్కడూ నిలబడలేదు. నా జన్మలో నాకు దొరికింది ఒక్క మాట. దాన్ని నేనెందుకు వదలాలి?"

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మాట తప్పినవాళ్ళెవరూ ఆవిడకి అందేంత దూరంలో లేరు. మేస్త్రీ ఉన్నాడు.

డెబ్బై ఏడు నవంబరులో సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. మాకు గాలీ వానే. మేస్త్రీ చెల్లెల్ని ఆ వైపే ఇచ్చారు. అతను దొరికిన లారీ ఎక్కి వాళ్ళను వెతకడానికి వెళ్ళాడు. మా ఇంట్లో మెట్ల వైపు మూల నీళ్ళు దిగాయి. అమ్మ అతని ఇంటికి కబురు పంపింది. వచ్చాక పంపుతానని అతని భార్య చెప్పింది. అమ్మ మర్నాడు మళ్ళీ పంపింది.

అతను తిరుగు లారీ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద ఉంది. దగ్గరికి వస్తే వాసన. అరుగు మీద నిలబడ్డాడు, కూర్చోలేదు.

"మీ చెల్లెలు వాళ్ళు కనిపించారా?" అని నాన్న అడిగారు.

"ఇల్లున్న చోటే కనిపించలేదండి."

అమ్మ కళ్ళు తడిశాయి, చెంగుతో తుడుచుకుంది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి తనే ఇచ్చింది. అతను తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆగింది.

"మెట్ల వైపు మూల ఎక్కువ దిగుతోంది," అంది. "ముందు అది చూడు."

అతను ఎక్కాడు.

మరుసటి ఏడు అతనికి ఆయాసం మొదలైంది. సున్నం, సిమెంటు పీల్చి పీల్చి వచ్చిందన్నారు మిషన్ ఆస్పత్రిలో. మెట్లెక్కవద్దన్నారు. ఆ ఏడు కూడా తొలకరికి వచ్చాడు. నాలుగు మెట్లెక్కి ఆగుతూ, డాబా చేరడానికి చాలాసేపు పట్టింది. మనిషి సగమయ్యాడు. ఆ తరవాతి ఎండాకాలం భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మ వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది, నాన్న పక్కనే న్యూస్ పేపరు చదువుతున్నారు.

"ఒక మాట వదిలించుకుందామని వచ్చానండీ టీచరుగారూ," అన్నాడు.

"ఏ మాట?"

"మీకు తెలీందేముందండీ."

అతను గాలి కూడదీసుకోవడానికి ఆగితే భార్య అందుకుంది. "ఇంకాయన వల్ల కాదండీ. పడుకుంటే ఊపిరాడట్లా, గోడకి ఆనుకుని కూర్చునే ఉంటన్నాడు. మాట మెడ మీద ఉండగా పోతే పైన ఎట్టా నిలబడతానని అదే దిగులు. ఆదివారం అయ్యగారి ముందు ఒక్క ముక్క అనండమ్మా, వదిలేశామని. చాలు."

"అనొచ్చు," అంది అమ్మ. "ఎందుకు వదిలేశారని అడుగుతారు కదా. ఏం చెప్పను?"

"మీ దయండీ," అన్నాడు మేస్త్రీ.

"దయ సంగతి కాదు. కప్పు సరిగ్గా వెయ్యలేకపోయానని నువ్వు నిలబడి చెప్పు. నా పని చెడిందని చెప్పు. అప్పుడు నేను లేచి వదిలేశానంటాను."

"పని చెడలేదండీ. వాలు లేదు."

"అంటే నేను చెడగొట్టానా?"

"నేనట్టా అన్లేదండీ."

"మరెవరు చెడగొట్టారు?"

నాన్న చేతిలో పేపరు కదిలింది. "పోనీయ్," అన్నారు నెమ్మదిగా.

"మీరు చదువుకోండి," అంది అమ్మ.

భార్య భుజం పట్టుకుని మేస్త్రీ లేచాడు. "చేతనైన పనిని చేతకాలేదని సంఘంలో నిలబడి ఎట్టా చెప్పమంటారండీ?" అన్నాడు.

"నీ ఇష్టం మేస్త్రీ. బలవంతం ఏముంది?" అని అమ్మ ఇంకో పేపరు తీసుకుంది.

స్కూళ్ళు తెరిచిన వారంలో, అమ్మా నాన్నా ఇంట్లో లేని వేళ, అతను ఇద్దరు కూలీలతో బండి మీద ఇటుకముక్కలూ సున్నమూ వేయించుకొచ్చాడు. తన ఖర్చుతోనే.

"పూచీ నాదైనప్పుడు కప్పు ఎట్టా ఉండాలో నేను చెప్పొచ్చు కదా," అన్నాడు నాతో. జవాబు కోసం ఆగలేదు. డాబా మీద పీట వేసుకుని కూర్చుని, దారం పట్టించి, గొట్టం వైపు వాలు పోయించడం మొదలుపెట్టాడు. అతని గొంతులో పాత పెద్దరికం కాస్త వినిపించింది. సగం డాబా పూర్తయింది.

అమ్మ వచ్చేసరికి ఇంకా పచ్చిగానే ఉంది. గొడుగు చేతిలోనే ఉంచుకుని చూసింది.

"ఎవర్నడిగి?"

"ఇది పడితే ఇంక కారదండీ టీచరుగారూ. నేను పోయినా కారదు."

"ఎవర్నడిగావని అడుగుతున్నాను."

అతను చేతిలో దారం కింద పెట్టాడు.

"తీసెయ్యి," అంది. కూలీలు పారలు అందుకున్నారు. "వాళ్ళు కాదు. నువ్వు వేయించావు, నువ్వే తియ్యి."

అతను పీట మీది నుంచి కిందికి జరిగి, కూర్చునే తాపీతో గీకాడు. జానెడు జానెడు జరుగుతూ గీకాడు. కూలీలు ఎటు చూడాలో తెలియక పిట్టగోడ అవతలికి చూస్తూ నిలబడ్డారు. చీకటి పడింది. దిగేటప్పుడు ఆఖరి మెట్టు మీద చాలాసేపు ఉండిపోయాడు. అమ్మ కాఫీ కలిపి పంపింది. అతను తాగాడు.

అప్పటికి అమ్మమ్మగారి పొలం అమ్మేశారు. మా డాబా మీద మిరపకాయలు ఆరబెట్టడం మానేసి చాలాకాలమైంది.

ఆ వానాకాలం మధ్యలో ముసురు పట్టింది. ముందుగదిలో గిన్నె పెట్టి, అమ్మ మేస్త్రీకి కబురు పంపింది. వెళ్ళినతను వెంటనే తిరిగొచ్చాడు. తెల్లవారుజామున పోయాడని చెప్పాడు.

సమాధుల తోటలో వాన పడుతూనే ఉంది. పెట్టె దించే ముందు పాస్టరుగారు ఆ చనిపోయిన మనిషి మాట ఎవరి దగ్గరైనా ఉండిపోయిందా అని అడిగారు. అందరూ అమ్మ వైపు చూశారు.

"బతికున్నంతకాలం అన్నాడండీ అయ్యగారూ," అంది అమ్మ. "అయిపోయింది. నా దగ్గరేం లేదు."

మేస్త్రీ భార్య తలెత్తింది. "ఆ ముక్కే," అంది. "ఎండాకాలంలో ఆ ముక్కే కదమ్మా అడిగింది." పక్కనున్నవాళ్ళు ఆమె భుజం పట్టుకున్నారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మ నాన్నని అడిగింది: "నేను చెప్పిందాంట్లో తప్పేమైనా ఉందా?"

"లేదు," అన్నారు నాన్న.

మరుసటి ఎండాకాలం టవున్నుంచి వేరే మేస్త్రీ వచ్చాడు. డాబా ఎక్కి చూసి, దిగుతూనే వాలు లేదన్నాడు. "అయితే పోసెయ్యి," అంది అమ్మ. రెండు రోజుల్లో పని అయిపోయింది. ఆ వానాకాలం చుక్క పడలేదు. జోరువాన పడుతున్న ఒక సాయంత్రం ముందుగదిలో కూర్చుని అమ్మ చాలాసేపు పైకి చూసింది.

"ఈపాటి పని అతను మొదట్లోనే చేసి ఉండాల్సింది," అంది.

నాన్న లేచి లోపలికి వెళ్ళారు. ఆ గదిలో ఆయన మళ్ళీ పేపరు చదవలేదు, వెనక వసారాలోకి కుర్చీ మార్చుకున్నారు.

ఆ తరవాత మా సంఘంలో మొదలైన ఇంటికి నేనూ వెళ్ళాను. ప్రార్థన అయింది. ఆ ఇంటి మేస్త్రీ అలవాటు ప్రకారం ముందుకొచ్చి పాస్టరుగారి పక్కన నిలబడ్డాడు. పాస్టరుగారు అతని వైపు తిరగకుండా ఆశీర్వాదం చెప్పేసి, పుస్తకం మూసి, రాయి వెయ్యమన్నారు. ఎన్ని వానాకాలాలని ఎవరూ అడగలేదు.

మా సంఘంలో పునాది ప్రార్థన దగ్గర మేస్త్రీ చేత మాట చెప్పించడం ఇప్పుడు లేదు.